బానెట్ మీద సున్నపు గుర్తు

దసరా మరునాడు పొద్దున కారు మీద నీళ్ళు పోసి తుడిస్తే, బానెట్ మీద అవ్వ రాసిన స్వస్తిక్ పోలేదు.

ఎర్రరంగు పోయింది. గుడ్డకు కొంచెం పసుపు అంటింది. కానీ గీతలున్నచోట నలుపు చచ్చిపోయి, బూడిదరంగులో అదే గుర్తు మిగిలింది. మళ్ళీ నీళ్ళు పోశాను. తడిగా ఉన్నంతసేపు కనబడలేదు. హమ్మయ్య అనుకునేలోపే ఎండ తగిలి నీళ్ళు ఆరాయి. ఒక్కొక్క గీతా మళ్ళీ పైకి తేలింది.

ఆ కారు మాది కాదు, చంద్రశేఖర్ సారుది. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరై వనపర్తిలో ఉంటారు. చూపు మందగించాక బండి నడపడం మానేసి మా నాయనను డ్రైవరుగా పెట్టుకున్నారు. అంతకుముందు మా నాయన అనంతయ్య పుణెలో టిప్పర్ నడిపేవాడు. నా చిన్నతనంలో నాయన అంటే పండుగకు వచ్చి, పిండివంటలు అయిపోకముందే మళ్ళీ బస్సెక్కే మనిషి. సారు దగ్గర పని దొరికాకే ఇంటిపట్టున ఉంటున్నాడు. పొద్దున గోపాల్‌పేట దగ్గరి మా ఊరి నుంచి వనపర్తి పోతాడు, రాత్రికి సారు కారులోనే తిరిగి వచ్చి నా పక్కన కూర్చొని అన్నం తింటాడు. నేను పెద్దగా మాట్లాడను. నాయనా మాట్లాడడు. అయినా ఆ పక్కన కూర్చోవడం నాకు కావాలి.

సారు మంచివారే. ఒక్క విషయంలో మాత్రం మొండి. పాత డ్రైవరు ఎక్కడో కరెంటు స్తంభానికి కారును గుద్ది, చెప్పకుండా షెడ్డులో రంగు వేయించి తెచ్చి నిలబెట్టాడట. సారు కనిపెట్టి ఆ రోజే తాళాలు తీసుకొని పంపేశారు. నాయనను పెట్టుకునేటప్పుడు చెప్పిన మొదటి మాట కూడా అదే. "గుద్దితే గుద్దిన అని చెప్పు అనంతయ్యా. దాచిపెడితే మాత్రం నీకూ నాకూ కుదరదు."

దసరాకు ముందు సారు, మేడమ్ తిరుపతి పోయారు. నాయన వాళ్ళను గద్వాల స్టేషన్‌లో రైలెక్కించాడు. ఇంటికి తాళం వేసి పోతున్నాం కాబట్టి మేము వచ్చేదాకా బండి మీ ఇంటి దగ్గరే ఉంచుకో, పండుగనాడు పూజ కూడా అక్కడే చేయించు అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి అవ్వకు కాళ్ళు నేల మీద లేవు. అవ్వ అంటే మా నాయన వాళ్ళ అమ్మ, పెంటమ్మ. మా వాకిట్లో నిలబడ్డ కారుకు తన చేతులతో పూజ చేయడం అవ్వకు అదే మొదటిసారి.

పూజ రోజు డబ్బీలో కుంకుమ కొంచెమే ఉంది. అవ్వకు అది అసలు లెక్కలోకి రాలేదు. ఆకువక్క నమిలే మనిషి, సున్నపు డబ్బీ ఎప్పుడూ చెంగుకు కట్టుకునే ఉంటుంది. పసుపులో సున్నం కలిపి అరచేతిలో రుద్దింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు మా ఇంట్లో అట్లనే చేస్తారు. రక్తం లాంటి ఎరుపు వచ్చింది.

"జర సన్నగ రాయే అమ్మా," అన్నాడు నాయన.

"నల్ల బండి గద. సన్నగ రాస్తే దేవునికి గూడ కనబడదు," అని అవ్వ మూడు వేళ్ళతో దట్టంగా స్వస్తిక్ రాసింది. చుట్టూ చుక్కలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది.

మధ్యాహ్నం ఉప్పునుంతల నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దత్త భర్త బైకు మీద నుంచి పడ్డాడు, దవాఖానలో ఉన్నాడు. నాయన, అమ్మ ఉన్నపళంగా బస్సెక్కారు. వాళ్ళు పోయాక బొట్టు కడిగేద్దామని నేను బకెట్ తెచ్చాను. అవ్వ అడ్డం నిలబడింది.

"పూజ చేసిన బొట్టు పండుగనాడే కడుగుతరానే? బండి ముఖం బోసిపోతది. రేపు పొద్దుగాల చూద్దాం."

మా ఇంట్లో అది అందరికీ తెలిసిన మాటే. గడపకు పెట్టినా, ట్రాక్టరుకు పెట్టినా ఆ రోజు తుడవరు. బకెట్ పక్కన పెట్టేశాను. ఆ సున్నం బానెట్ మీద ఎండలో అట్లనే ఎండింది.

ఇప్పుడేమో ఆ గుర్తు పోనంటోంది. ఇంకో బకెట్ నీళ్ళకోసం నల్లా దగ్గరికి పోయాను. నీళ్ళు పట్టుకొని తిరిగి వచ్చేసరికి అవ్వ బానెట్ మీదికి వంగి, నానబెట్టిన చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పట్టుకొని గుండ్రంగా రుద్దుతోంది.

"అవ్వా! ఆపు! ఏం చేస్తున్నవ్?"

"అరుస్తవేందే? ఇత్తడి చెంబు గిట్లనే రుద్దితే బంగారమైతది. గిదెంత?"

పీచు లాక్కొని నీళ్ళు పోశాను. బూడిద కొట్టుకుపోయింది. స్వస్తిక్ అట్లనే ఉంది. దాని చుట్టూ ఇప్పుడు కొత్తగా గుండ్రటి గీతలు, సాలెగూడు లాగా. ఎండ పడినచోటల్లా మెరుస్తున్నాయి.

అవ్వ కూడా చూసింది. అవ్వ చేయి మెల్లగా కిందికి దిగింది.

"గీతలు వడ్డయా బిడ్డా?"

బకెట్లో మిగిలిన నీళ్ళన్నీ ఆ గీతల మీద పోశాను.

"రేపు పొద్దుగాలనే వస్తరు గద సారోళ్ళు?"

"ఆఁ."

"మీ నాయనను తీసేస్తరా?"

అవ్వ అరుగు మీద కూలబడి, "మల్ల పుణె పోతడా వీడు?" అని తనలో తనే అనుకుంది. నేను లోపల అనుకుంటున్నదే అవ్వ పైకి అంది. వినలేకపోయాను.

అప్పుడే నాయన ఫోన్ చేశాడు. మామకు ప్రమాదమేం లేదట, కాలికి కట్టు కట్టారట. సాయంత్రం వరకు వస్తామన్నాడు.

"బండి కడిగినవా బిడ్డా?"

"కడిగిన నాయనా."

"మంచిది. దూరం నుంచి చూస్తే మెరవాలె."

ఇంకా ఏదో చెప్పాలి అనుకుంటుండగానే అటు నుంచి ఎవరో పిలిచారు, ఫోన్ పెట్టేశాడు. కారు అద్దంలో ఆకాశం, మా ఇంటి రేకులు అన్నీ కనబడుతున్నాయి. బానెట్ మీద మాత్రం ఏమీ కనబడడం లేదు.

నాయన కారుకు సామాన్లు కొనే షాపు వనపర్తి బస్టాండు దగ్గర ఉంది. ఒకసారి నాయనతో పోయాను. నడిపే ఆమె పేరు పద్మజ. నేను ఒంటరిగా వనపర్తి ఎప్పుడూ పోలేదు, షాపులో నోరు తెరిచి ఏదీ అడగలేదు. గోపాల్‌పేట రోడ్డు మీదికి వచ్చి షేర్ ఆటో ఎక్కి, దారి పొడుగునా ఏమని అడగాలో మనసులో చెప్పుకుంటూ పోయాను. పండుగ మరునాడు కదా, బజారంతా షట్టర్లే. ఆ షాపు షట్టరు కూడా సగానికే లేచి ఉంది. లోపల పద్మజక్క కింద కూర్చొని సీటు కవర్లు సర్దుతోంది.

"ఏం గావాలె?"

దారిలో తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఫోన్ తీసి ఫొటో చూపించాను.

ఆమె ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకొని చూసింది. "ఓ పిల్లా! పూజ చేసిండ్రా, కేసు పెట్టిండ్రా దీని మీద?"

ఏడుపు వచ్చింది. ఆమె నవ్వడం ఆపేసింది. "నువ్వు అనంతయ్య బిడ్డవు గద? కూసో. చెప్పు."

సున్నం అని, పీచు అని, రేపు పొద్దున సారు వస్తారని ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"గీత మీద గోరు పెట్టి అడ్డంగ గీస్తే ఆగుతుందా? జారుతుందా?"

"జారుతది. సున్నం ఉన్నకాడ కొంచెం గరుగ్గ ఉన్నది."

"జారుతే పైపైననే పోయిందన్నట్టు. గోరు ఆగితే నేనేం చేయలేకుంటి." లేచి అలమారా నుంచి ఒక్కొక్కటి తీసి నా ముందు పెట్టింది. కారు షాంపూ, పాలిష్ డబ్బా, మెత్తటి స్పాంజి, కుచ్చు కుచ్చుగా ఉన్న మెత్తటి గుడ్డలు, చిన్న మైనం డబ్బా. "ఇంట్లున్న సబ్బుపొడి ముట్టకు. నీడకు చేయి. రేకు మీద చెయ్యి పెడితే చల్లగుండాలె. పాలిష్ శనగగింజంత చాలు. ఫస్టు ఒక మూలకు జానెడంత చేసి చూడు. మంచిగొస్తెనే ముందుకు పో. గుండ్రంగ తిప్పకు, నిలువు, అడ్డం, గంతే. బలం పెట్టకు. నువ్వేం జొన్నరొట్టె కొడ్తలేవు."

"మిషను ఉంటది గద అక్కా? తొందరగ అయితదేమో..."

"కొత్త చేతికి మిషనిస్తే మచ్చతోని రంగు గూడ లేపుతది. చేత్తోని చేస్తే తప్పు మెల్లగ జరుగుతది, ఆపేటందుకు టైముంటది." పైసలు నాయన ఖాతాలో రాసుకుంది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచింది. "అంచులకాడ, మడతలకాడ రుద్దకు. అక్కడ రంగు పలుచగుంటది."

ఇంటికి వచ్చేసరికి ఎండ నేరుగా కారు మీదే ఉంది. నాకు బండి కదపడం రాదు. వేరుశనగ ఆరబోసే పెద్ద పట్టను అవ్వా నేనూ కలిసి రేకుల నుంచి వేపచెట్టు కొమ్మదాకా కట్టాము. అయినా బానెట్ కాలుతూనే ఉంది. చెయ్యి పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం. ప్రతిసారీ ఎండ కొంచెం జరిగినట్టు, నాయన ఎక్కిన బస్సు కొంచెం దగ్గరైనట్టు అనిపించేది.

చివరికి చల్లబడింది. షాంపూతో కడిగి, గుడ్డతో అద్ది నీళ్ళు తీశాను. స్పాంజి మీద పాలిష్ తీసుకొని, అద్దం దగ్గరి మూలన జానెడు మేర నిలువుగా రుద్దాను, అడ్డంగా రుద్దాను. మెత్తటి గుడ్డతో తుడిచాను.

గుడ్డ నల్లగా అయింది.

మచ్చ పోవడం లేదు, రంగే ఊడి వచ్చేస్తోంది. గుడ్డను కడుపుకు అదుముకొని నిలబడ్డాను. అవ్వ చూడకూడదని అటు తిరిగాను. ఫోన్ చేయడమంటే నాకు ఎప్పుడూ భయమే. షాపు సంచి మీద ఉన్న నంబరు నొక్కి కట్ చేశాను. మళ్ళీ నొక్కాను.

"అక్కా, గుడ్డకు నలుపు అంటింది. మొత్తం రంగు పోతున్నది."

"పాత బండి గద?"

"ఆఁ."

"పాత నల్ల బండ్లల్ల కొన్నిటికి పైన అద్దం లెక్క పూత ఉండదు. రంగే పైన ఉంటది. దాని మీద చచ్చిపోయిన పొర ఉంటది చూడు, అది వస్తది. కొంచెం వస్తే భయపడకు. కింద తెల్లగ గాని ఎర్రగ గాని కనబడ్డదా?"

చూశాను. "లేదు. నల్లగనే ఉన్నది."

"మెరుస్తున్నదా?"

అప్పటిదాకా గుడ్డనే చూస్తున్నాను, కారును చూడలేదు. ఆ జానెడు మేర వేప కొమ్మ ఆకులతో సహా కనబడుతోంది.

"మెరుస్తున్నది అక్కా."

"ఇగ ఏడుపెందుకు? అయితే మచ్చ ఒక్కదాని మీద రుద్దకు, అక్కడ వేరేగ కనబడతది. బానెట్ మొత్తం చేయ్."

మొదలుపెట్టాను. కొంచెం మేర చేయడం, తుడవడం, గుడ్డను శుభ్రమైన వైపుకు తిప్పడం. గుండ్రటి గీతలు ముందు పోయాయి. స్వస్తిక్ మొండిగా ఉంది. ఒక గీత తగ్గేది, పక్కది తేలేది. ఇంకొంచెం గట్టిగా రుద్దితే పోతుందేమో అనిపించేది. రుద్దితే కింద ఏం బయటపడుతుందోనని ఆపేసేదాన్ని. ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి పక్కన లేకపోవడం అన్నిటికంటే భయంగా ఉంది.

మధ్యలో చేతిలోంచి గుడ్డ జారి మట్టిలో పడింది. అవ్వ తీసి, టపటపా రెండు దులుపులు దులిపి ఇచ్చింది. "ఇగో."

"వద్దవ్వా. ఇసుక రేణువు ఒక్కటున్నా గీత పడ్తది."

"దులిపిన గదనే!"

"వద్దు."

అవ్వ గుడ్డను అటు ఇటు తిప్పి చూసింది. "దీని సోకు సల్లగుండ. నా పెండ్లిల గూడ నన్నింత సుకుమారంగ చూడలే." ఆ గుడ్డను అరుగు మీద దూరంగా పెట్టి, ఇంకొకటి తెచ్చేముందు తన చేతులు కడుక్కొని వచ్చింది. నాకు నవ్వు వచ్చింది, ఆ రోజులో మొదటిసారి. తర్వాత అవ్వ పక్కనే నిలబడి, నేను అడిగినప్పుడల్లా కొత్త గుడ్డ అందించింది. ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ మాట్లాడకపోతే ఎంత భయంలో ఉందో నాకు తెలుసు.

పొద్దు వాలేసరికి స్వస్తిక్ పోయింది. పూర్తిగా పోయిందని చెప్పలేను. పక్క నుంచి కళ్ళు చిన్నవి చేసుకొని చూస్తే చిన్న నీడలా ఉంది. ఇంకా రుద్దాలనిపించింది. ఆపేశాను. మైనం పలుచగా పూసి, మసకగా ఆరేదాకా ఆగి తుడిచాను. బానెట్ నల్లటి నీళ్ళలా అయింది.

అమ్మా నాయనా వచ్చారు. నాయన చేతిలో సంచి దించకుండానే కారు చుట్టూ తిరిగాడు.

"ఏందిది? ఎవరు చేసిండ్రు?"

అవ్వ ముందుకు వచ్చింది. దాయలేదు, మొత్తం చెప్పింది. సున్నం, చింతపండు, పీచు. చెప్పి, "తిడితే నన్ను తిట్టు. పిల్ల పొద్దటి సంది నీళ్ళు గూడ తాగలే," అంది.

నాయన తిట్టలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టబోయి, వేలిముద్ర పడుతుందని వెనక్కి తీసుకున్నాడు. అమ్మ అంది, "ఇప్పుడే ఫోన్ చేసి సారుకు చెప్పరాదు?"

"రైల్ల ఉన్నరు. ఫోన్ల చెప్తే సగం వినబడతది, సగం వినబడదు. ఇంకేదన్న అనుకుంటరు. పొద్దుగాల ఎదురుగ చెప్త." కొంచెం ఆగి నా వైపు చూశాడు. "నువ్వు గూడ రా బిడ్డా. ఏమేం పూసినవో అడిగితే నాకు తెల్వదు."

తెల్లవారుతుండగానే బయలుదేరాము. దారిలో దుమ్ము పడితే తుడవడానికి పాలిష్ సంచి కూడా నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటుతుంటే నాయన మెల్లగా తనలో తనే చెప్పుకోవడం వినబడింది. "సార్, ఒక చిన్న మాట. పండుగనాడు మా అమ్మ..." ఆపి, మళ్ళీ మొదటి నుంచి. నేను కిటికీ వైపు తిరిగాను. నేను షాపుకు పోతూ చేసినట్టే నాయన కూడా చేస్తున్నాడు.

గద్వాల స్టేషన్ ముందు చెట్టు నీడలో కారు ఆపాడు. రైలు సమయానికే వచ్చింది. ముందు మేడమ్ ప్రసాదం సంచితో, వెనక సారు సూట్‌కేసుతో వచ్చారు. నాయన ఎదురు పోయి సూట్‌కేసు అందుకున్నాడు. "సార్, ఒక చిన్న మాట..."

సారు వినడం లేదు. దూరం నుంచే కారును చూస్తున్నారు. దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకొని పెట్టుకున్నారు. బానెట్ చూశారు, తలుపు చూశారు, మళ్ళీ బానెట్ చూశారు. అప్పుడు నాకు అర్థమైంది. బానెట్ ఒక్కటే తళతళలాడుతోంది. మిగతా కారంతా ఎప్పటిలాగే మసకగా ఉంది. ముందుభాగం ఎవరో కొత్తగా చేయించినట్టు ఉంది. నిన్నంతా మచ్చనే చూశాను తప్ప, కారును దూరం నుంచి ఒక్కసారి చూడలేదు.

"రంగెప్పుడు వేయించినవ్ అనంతయ్యా?"

"రంగు గాదు సార్..."

"ఎక్కడ గుద్దినవ్?"

"గుద్దలే సార్. మా అమ్మ పూజకు బొట్టు రాసింది. సున్నం తోని..."

"బొట్టు పెడితే బానెట్ కొత్తగైతదా?" సారు గొంతు పెరగలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. "పాత డ్రైవరు స్తంభం అన్నడు. నువ్వు బొట్టు అంటున్నవ్. నీకు ముందే చెప్పిన గద? ఎవరికన్న తగిలిందా? అదొక్కటి నిజం చెప్పు."

"దేవుని మీద ఒట్టు సార్..."

"ఒట్లు వద్దు." సారు అరచెయ్యి చాపారు.

నాయన దారంతా నేర్చుకున్న మాటలు ఎక్కడో పోయాయి. జేబులోంచి తాళాలు తీసి ఆ అరచేతిలో పెట్టాడు. మేడమ్ "జర వినండి" అంటున్నారు. సారు తల అడ్డంగా ఊపారు. నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను కూడా కదిలేదాన్ని కాదేమో. నాకు కనిపించింది పుణె బస్సు, దాని కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న నాయన.

"సార్," అన్నాను. వినబడలేదు. గొంతు సవరించుకున్నాను. "సార్, రంగు కాదు. రుద్దిన. నేనే రుద్దిన."

సారు తిరిగారు. "నువ్వెవరు?"

"బిడ్డ సార్," అన్నాడు నాయన.

"వెనక డోర్ గూడ గట్లనే అయితది. చూపిస్త," అన్నాను.

ఆయన వద్దనలేదు, సరే అనలేదు. సంచి తీసుకొని వెనక డోరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. రేకు మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. సీసాలో తాగేనీళ్ళు పోసి దుమ్ము కడిగాను, అద్దాను. స్పాంజి మీద పాలిష్. నిలువు గీత నిలువుగా రావడం లేదు. ఇక్కడ మెరవకపోతే? ఈ డోరు పాత డ్రైవరు రంగు వేయించిందైతే, ఇంకోరకంగా అయితే? ఆ ఆలోచన అప్పుడే వచ్చింది, చేతిని ఆపలేకపోయాను. నిలువు, అడ్డం. నిలువు, అడ్డం.

ఆటోవాళ్ళు వచ్చి నిలబడ్డారు. "ఏం పాపా, స్టేషన్ల దుకాణం పెట్టినవా?" అన్నాడొకడు. "మా ఆటో గూడ జర చూడు, దాని మీద మా మామ పేరు ఉన్నది, అది పోవాలె," అన్నాడు ఇంకొకడు. నవ్వులు. తల ఎత్తలేదు.

శుభ్రమైన గుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. డోరు మీద అరచేయంత మేర, చుట్టూ ఉన్న మసకలో, అద్దంలా తేలింది. అందులో సారు కళ్ళద్దాలు కనబడ్డాయి. ఆయన అప్పటికే నా పక్కన వంగి ఉన్నారు.

వేలితో తడిమి చూశారు. నా చేతిలోని గుడ్డ తీసుకొని ఎండలోకి పెట్టి చూశారు. తర్వాత లేచి బానెట్ దగ్గరికి పోయి, పక్క నుంచి, చాలా దగ్గరగా వంగి చూశారు. నేను దాచాలనుకున్న చిన్న నీడ దగ్గర ఆగారు.

"అంచులు ఎందుకు విడిచిపెట్టినవ్?"

"అక్కడ రంగు పలుచగుంటది సార్. పోతే మల్ల రాదు."

"ఎవరు చెప్పిండ్రు?"

"పద్మజక్క. వనపర్తిల షాపు."

మేడమ్ అన్నారు, "పిల్ల చేతులు చూడండి ఒకసారి. షెడ్డుల రంగు వేయిస్తే గట్ల ఒరుసుకపోతయా?"

సారు నాయన వైపు తిరిగారు. "నిన్ననే ఎందుకు చెప్పలే?"

"ఎదురుగ చెప్దామనుకున్న సార్."

"నేను చూసినంక చెప్తే, ఎదురుగ చెప్పినట్టు గాదు." తాళాలను చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకున్నారు. "ఇగ మీద బండి మా ఇంట్లనే ఉంటది. పండుగైనా ఏదైనా. నువ్వు పొద్దుగాల వచ్చి తీసుకో, పొద్దుమీకి పెట్టిపో."

నాయన తల ఊపాడు. సారు తాళాలు ఆయన చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నారు.

వనపర్తికి బయలుదేరాము. మేడమ్ నాకు ఒక లడ్డు ఇచ్చారు. తినాలనిపించక చేతిలోనే పట్టుకున్నాను. సారు ఇంటి ముందు దిగేటప్పుడు ఆయన వెనక డోరు మీది మెరుపు ముక్కను ఒకసారి చూసి, "మిగతాది గిట్లనే ఉంచుతవా?" అని నన్ను అడిగారు. కోపమో, కాదో నాకు తెలియలేదు. "ఆదివారం వస్త సార్," అన్నాను. ఆయన సరేనని లోపలికి పోయారు. కారు కప్పు మీదికి నా చెయ్యి అందుతుందో లేదో, అది ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది కదా అని అప్పుడే దిగులు మొదలైంది.

నాయన కారును షెడ్డులో పెట్టి, గేటు వేసి వచ్చాడు. ఇద్దరం బస్టాండుకు నడిచాము. ఎప్పుడూ కారు నడిపే మనిషి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుస్తున్నాడు. మా ఊరి బస్సు నిలబడే ఉంది. కిటికీ పక్క సీటు నాకు ఇచ్చాడు. లడ్డు విరిచి సగం నాయనకు ఇచ్చాను.

"ఇగ రోజూ మొదటి బస్సుకు పోవాలె," అన్నాడు. "రాత్రికి జర ఆలస్యమైతదేమో."

"ఎంత ఆలస్యమైనా వస్తవు గద?"

"ఆఁ, వస్త. ఇంటికి రాక ఏడికి పోత?"

"అయితే అప్పటిదాక తినకుండ ఉంట," అన్నాను.

"ఆకలైతది నీకు."

"కానియ్యి."

కండక్టరు వచ్చాడు. నాయన జేబు వెతుక్కుంటున్నాడు. బస్సు కదిలింది.